పందెం మధ్యలో పగ్గాలు వదిలే జపాన్

మిర్యాలగూడ ఆయకట్టులో వరి నాటే యంత్రం మీదా, కోత మిషన్ మీదా కుబోటా, యన్మార్ పేర్లు కనిపిస్తాయి. రైసుమిల్లు యంత్రాల్లో పేరుమోసిన సటాకే కూడా జపాన్‌దే. సూర్యాపేటలో నడివయసు దాటినవాళ్లకు మోటారుసైకిల్ అంటే ఇప్పటికీ హీరో హోండానే. ఆ రెండు కంపెనీలూ విడిపోయి పదేళ్లు దాటినా బండి పేరు మాత్రం విడిపోలేదు. కోదాడ మీదుగా విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారిపై ఇన్నోవాలకు కొదవ లేదు. చెడిపోదు, అమ్మినా ధర పలుకుతుంది, కంపెనీ మాట మీద నిలబడుతుంది అని జపాన్ బండి మీద మనవాళ్లకు గట్టి నమ్మకం. రేసింగ్ లోకంలో మాత్రం ఇవే కంపెనీలకు ఇంకో పేరుంది. చేతిలో డబ్బు ఆడినన్నాళ్లూ ఉంటారు, గడ్డుకాలం రాగానే మూటాముల్లె సర్దుకుంటారు అని.

ఆ పేరు ఊరికే రాలేదు. 2008 డిసెంబర్ 5న హోండా ఫార్ములా వన్ నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. అదే నెల 15న సుజుకి ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్‌కు దండం పెట్టింది. మరునాడే సుబారు అదే బాట పట్టింది. జనవరిలో మోటారుసైకిల్ రేసుల మోటోజీపీ నుంచి కవాసాకి. ఫిబ్రవరిలో డకార్ ర్యాలీ నుంచి మిత్సుబిషి. ఆ ర్యాలీని పన్నెండుసార్లు గెలిచిన కంపెనీ అది. జులైలో టొయోటా చేతిలో ఉన్న ఫుజి స్పీడ్‌వే, జపాన్ గ్రాండ్ ప్రిని ఇక నిర్వహించలేమని చేతులెత్తేసింది. నవంబర్ 2న టైర్లు సరఫరా చేసే బ్రిడ్జ్‌స్టోన్ మరుసటి ఏడాదితో ఆపేస్తామంది. ఇంకో రెండు రోజులకు టొయోటా కూడా ఫార్ములా వన్ వదిలేసింది. ఏడాది తిరక్కముందే ఒక దేశం దేశమే ట్రాక్ దిగిపోయినట్టయింది.

కారణం అడిగితే అందరూ మొదట చెప్పేది అమెరికా బ్యాంకు లేమాన్ బ్రదర్స్ పతనం. నిజమే. అమెరికాలో అప్పు పుట్టకపోతే కారు కొనేవాడు ఉండడు, జపాన్ కంపెనీల లాభాల్లో పెద్దభాగం అమెరికా నుంచే. దీనికి యెన్ తోడైంది. 2007 నడిమధ్యన డాలరుకు 120 పైన ఉన్న యెన్, 2008 డిసెంబర్ నాటికి 90 దగ్గరకు వచ్చింది. అంటే అమెరికాలో అదే కారు, అదే ధరకు అమ్మినా టోక్యోకు చేరే సొమ్ము పావు వంతు కరిగిపోయింది. 2009 మార్చితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో టొయోటా సుమారు 43,700 కోట్ల యెన్‌ల నికర నష్టం చూపింది. అర్ధ శతాబ్దం పైగా నష్టమంటే ఏమిటో ఎరగని కంపెనీ అది.

అయితే ఈ లెక్క ఒక్కటే చాలదు. అదే ఏడాది హోండాకు నష్టం రాలేదు. లాభం బాగా తగ్గింది, అయినా లాభమే. అందరికంటే ముందు ఫార్ములా వన్ వదిలిందీ హోండానే! ఖజానా ఖాళీ అయ్యాక పోయినవాళ్ల కథ కాదిది. ఖాళీ అవుతుందేమోనన్న అనుమానం రాగానే పోయినవాళ్ల కథ.

దీని వెనుక సిగ్గు ఉంది. జపాన్ పెద్ద కంపెనీల్లో పర్మినెంట్ ఉద్యోగిని తీసేయడం తప్పు పని. చివరిదాకా చేయకూడని పని. దెబ్బ ముందుగా పడేది ఏజెన్సీల ద్వారా వచ్చిన కాంట్రాక్టు కార్మికుల మీద. 2008 చలికాలంలో కార్ల ఫ్యాక్టరీలు వాళ్లను వేల సంఖ్యలో ఇంటికి పంపాయి. ఇంటికి అనడం కూడా తప్పే, ఎందుకంటే చాలామందికి కంపెనీ ఇచ్చిన గదే ఇల్లు. పనితో పాటు అదీ పోయింది. ఆ డిసెంబర్ 31 నుంచి జనవరి 5 దాకా టోక్యో నడిబొడ్డున, ప్రభుత్వ కార్యాలయాలకు కూతవేటు దూరంలోని హిబియా పార్కులో స్వచ్ఛంద సంఘాలు గుడారాలు వేసి, సుమారు 500 మందికి కొత్త సంవత్సరపు భోజనం పెట్టాయి. టీవీల్లో దేశమంతా చూసింది. అలాంటి వారంలో అదే కంపెనీ మొనాకో తీరంలో విందుల మధ్య కార్లు తిప్పుతానంటే జనం ఊరుకోరు. మిర్యాలగూడలో మిల్లు బందు పెట్టి హమాలీలను పొమ్మన్న యజమాని, ఆ నెలలోనే కూతురి పెళ్లికి ఏనుగు అంబారీ తెప్పిస్తే ఊరు ఏమంటుందో, జపాన్ అదే అంటుంది. అందుకే తప్పుకునే ప్రకటన అక్కడ ఒక క్షమాపణ సభలా సాగుతుంది. టొయోటా సభలో అధ్యక్షుడు అకియో టొయోడా క్షమించమని కోరాడు, పక్కనున్న జట్టు అధిపతి తదాషి యమషినా కెమెరాల ముందే కన్నీళ్లు పెట్టుకున్నాడు.

రెండో కారణం ఖాతా పుస్తకంలో ఉంది, అసలు చిక్కు కూడా అక్కడే. ఫెరారీకి రేసింగే వ్యాపారం. రేసు ఆపితే కారు అమ్ముడుపోదు. ఇంగ్లండ్ జట్లలో చాలావాటికి రేసింగే బతుకుతెరువు. స్పాన్సర్‌ను వెతుక్కోవాలి, బహుమతి సొమ్ము రాబట్టుకోవాలి, లేదంటే మూతపడాలి. జపాన్‌లో రేసింగ్ చాలాకాలం కంపెనీ సొంత ఖర్చుతో నడిచింది. ఇంజినీర్లకు బడి, సంస్థకు పరువు. 2007లో హోండా కారు మీద ప్రకటన లేదు, దానికి బదులు భూగోళం బొమ్మ ఉంది. పర్యావరణ సందేశమన్నారు. సందేశం గొప్పదే కావచ్చు. కానీ ప్రపంచంలో అతి ఖరీదైన హోర్డింగ్‌ను అద్దెకివ్వకుండా, ఆ భారమంతా కార్లు కొనే మామూలు జనం సొమ్ము మీద వేయడం ఏ తరహా లెక్కో అర్థం కాదు. టొయోటాకు పానసోనిక్ లాంటి స్పాన్సర్లు ఉన్నారు, అయినా బరువు మోసింది మాతృసంస్థే. ఇలా ఒకే సంచిలోంచి తీసి ఖర్చుపెట్టే పనికి ఆ సంచి మూతి బిగిసిన రోజే చివరి రోజు. నిర్ణయానికి ఒక బోర్డు సమావేశం చాలు.

మూడోది మనుషుల లెక్క. డబ్బు కంటే ఇది ముఖ్యమనిపిస్తుంది. హోండా 1964లో ఫార్ములా వన్‌లోకి వచ్చింది, మరుసటి ఏడాది మెక్సికోలో మొదటి రేసు గెలిచింది. 1968లో ఫ్రాన్స్‌లోని రువాన్‌లో జో ష్లెసర్ నడుపుతున్న హోండా కారు మంటల్లో చిక్కుకుని అతడు చనిపోయాడు. ఆ ఏడాది చివర హోండా తప్పుకుంది. ఆ ఇంజినీర్లను ఏం చేశారు? కార్ల పొగ మీదకు మళ్లించారు. అమెరికా 1970లో తెచ్చిన స్వచ్ఛ గాలి చట్టాన్ని అందుకోవడం తమవల్ల కాదని డెట్రాయిట్ దిగ్గజాలు మొత్తుకుంటుండగా, హోండా సీవీసీసీ ఇంజిన్ క్యాటలిటిక్ కన్వర్టర్ లేకుండానే ఆ పరీక్ష నెగ్గింది. చిన్న సివిక్ కారు అమెరికా ఇళ్ల ముందుకు చేరింది అలాగే. మళ్లీ ఫార్ములా వన్‌లోకి వచ్చిన హోండా 2020 అక్టోబర్ 2న మరోసారి, 2021 తర్వాత ఉండబోమని చెప్పినప్పుడు చూపిన కారణమూ ఇలాంటిదే: 2050కల్లా కర్బన తటస్థత సాధించాలి, దానికి ఇంజినీర్లు కావాలి. కాబట్టి జపాన్ కంపెనీ పోయిన ప్రతిసారీ పారిపోయిందనుకుంటే పొరపాటు. కొన్నిసార్లు తన మంచి మనుషుల్ని ఇంకో పొలంలోకి దింపింది.

తిరిగొచ్చిన హోండా 1992లో చేసిన నిష్క్రమణ మాత్రం వేరు. మెక్‌లారెన్‌తో కలిసి 1988లో 16 రేసుల్లో 15 గెలిచి, 1991 దాకా వరుసగా నాలుగేళ్లు టైటిళ్లన్నీ ఇంటికి తెచ్చిన హోండా అది. జపాన్ భూముల, షేర్ల బుడగ పగిలింది. వ్యవస్థాపకుడు సొయిచిరో హోండా 1991 ఆగస్టులో కన్నుమూశాడు. 1992లో ఆపేద్దామన్న అధ్యక్షుడు నొబుహికో కవమోతో స్వయంగా 1960ల్లో ఫార్ములా వన్ ఇంజిన్ల మీద పనిచేసినవాడు. రేసింగ్ విలువ తెలియని గుమస్తా తీసుకున్న నిర్ణయం కాదన్నమాట. ప్రేమించినవాడే తెంచుకున్నాడు.

జపాన్‌ను ఒక్కదాన్నే వేలెత్తి చూపడం అన్యాయం కూడా. 2009 జులైలో జర్మనీ బీఎండబ్ల్యూ తప్పుకుంది, ఏడాది చివరకు రెనో తన జట్టులో పెద్ద వాటా అమ్మేసింది. అంతకుముందే, 2004లో ఫోర్డ్ తన జాగ్వార్ జట్టును రెడ్ బుల్‌కు వదిలించుకుంది. డీజిల్ కుంభకోణం తర్వాత 2016లో ఆడి లె మాన్స్ 24 గంటల రేసు నుంచి బయటపడింది. కార్ల కంపెనీకి రేసింగ్ మీద ప్రేమ ఎక్కడైనా బ్యాలన్స్ షీటు దాకానే. తేడా ఏమంటే, యూరప్ కంపెనీలు విడివిడిగా, బేరమాడుకుంటూ పోతాయి. జపాన్ కంపెనీలు ఒకదాని వెంట ఒకటి, దాదాపు చేతులు పట్టుకున్నట్టు పోతాయి. ఒకరు తప్పుకోవడం మర్యాద అని తేలాక, మిగిలినవాళ్లకు ఉండటం అమర్యాద అవుతుంది. హోండా వెళ్లిన పదిరోజులకు సుజుకి, ఆ మరునాడు సుబారు అన్నది కాకతాళీయమంటే నమ్మడం కష్టం.

మర్యాదకు చెల్లించిన వెల ఎంత? ఇక్కడే జపాన్ తెలివిని ప్రశ్నించాలి.

ఇంగ్లండ్‌లోని బ్రాక్లీలో ఉన్న జట్టును హోండా నామమాత్రపు ఒక్క పౌండుకు జట్టు అధిపతి రాస్ బ్రాన్ బృందానికి ఇచ్చేసింది. 2008 సీజన్ దాదాపుగా వదిలేసి, 2009 కారు మీదే ఆశపెట్టుకుని, హోండా సొమ్ముతో రూపొందించిన కారు అప్పటికే సిద్ధమవుతోంది. దాంట్లోకి మెర్సిడెస్ ఇంజిన్ ఎక్కించారు. 2009 మార్చి 29న మెల్‌బోర్న్‌లో ఆ కార్లు మొదటి రెండు స్థానాల్లో వచ్చాయి. ఏడాది చివరకు జెన్సన్ బటన్ ప్రపంచ చాంపియన్, బ్రాన్ జట్టు చాంపియన్ జట్టు. ఆ నవంబర్‌లోనే మెర్సిడెస్ దాన్ని కొనేసింది. అదే బ్రాక్లీ నుంచి 2014 మొదలు 2021 దాకా వరుసగా ఎనిమిది జట్టు టైటిళ్లు. విత్తింది హోండా, ఎరువు వేసింది హోండా, కోత మాత్రం జర్మనీ ఇంటికి.

టొయోటాది ఇంకో రకం నష్టం. 2002 నుంచి ఎనిమిదేళ్లు జర్మనీలోని కొలోన్ నుంచి నడిపి, ఒక్క రేసూ గెలవలేదు. 2009 అక్టోబర్‌లో సుజుకా ట్రాక్‌పై యార్నో ట్రుల్లి రెండో స్థానం తెచ్చాడు. నవంబర్ 1న అబుధాబిలో కముయి కొబయాషి అనే కుర్రాడు ఆరో స్థానంలో వచ్చి, టొయోటాకు ఇన్నేళ్లకు సొంత గడ్డ డ్రైవర్ దొరికాడనిపించాడు. మూడు రోజులకు జట్టే లేదు. ఆగస్టులోనే 2012 దాకా ఉంటామని సంతకం చేసిన కంపెనీ మరి!

ఇదంతా చూశాక 1954 గుర్తుకు రాకమానదు. ఆ ఏడాది హోండా దివాలా అంచున ఉంది. దిగుమతి చేసుకున్న యంత్రాల అప్పు మెడమీద ఉంది, స్కూటర్ దెబ్బతింది, మోటారుసైకిళ్లపై ఫిర్యాదులు వస్తున్నాయి. సరిగ్గా అప్పుడే, మార్చిలో, ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీ మోటారుసైకిల్ రేసుల్లో పోటీ చేస్తామని సొయిచిరో హోండా ప్రకటించాడు. 1959లో వెళ్లారు, 1961లో గెలిచారు. మాంద్యంలో మానేయడం జపాన్ స్వభావమని రాసేవాళ్లు ఈ సంగతి దాటేస్తారు. స్వభావం కాదు, దశ. అప్పట్లో కంపెనీ యజమాని చేతిలో ఉంది, పోగొట్టుకోవడానికి ఏమీ లేదు. తర్వాత లక్షలమంది వాటాదారులు, లక్షల ఉద్యోగులు వచ్చారు. పెద్దరికం వచ్చాక తెగువ తగ్గింది.

ఈ మధ్య దారి మారుతున్న సూచనలూ ఉన్నాయి. అకియో టొయోడా స్వయంగా రేసులు నడిపేవాడు, అదీ మొరిజో అనే మారుపేరుతో. ఆయన హయాంలో టొయోటా 2012లో లె మాన్స్‌లోకి, 2017లో ప్రపంచ ర్యాలీలోకి తిరిగొచ్చింది. లె మాన్స్‌ను 2018 నుంచి వరుసగా ఐదేళ్లు గెలిచింది. ఆ ర్యాలీ జట్టు అనుభవంతో పుట్టిన జీఆర్ యారిస్ కారును షోరూముల్లో అమ్ముతోంది. అప్పటి పరువు ఖర్చు ఇప్పుడు అమ్మకపు సరుకు అయింది, అందుకే కరోనా మాంద్యంలో టొయోటా ట్రాక్ దిగలేదు. నిస్సాన్ సంగతి ఇంకా ఆశ్చర్యం. 2025 మేలో 20 వేల ఉద్యోగాలు, ఏడు ఫ్యాక్టరీలు తగ్గిస్తామని చెప్పిన కంపెనీ, విద్యుత్ కార్ల ఫార్ములా ఈలో మాత్రం నిలబడింది. 2030 దాకా ఉంటానని అంతకు ఏడాది ముందే మాటిచ్చింది. 2025 డ్రైవర్ టైటిల్ నిస్సాన్ డ్రైవర్ ఆలివర్ రోలండ్‌దే. ఫార్ములా ఈలో జట్ల ఖర్చుకు గరిష్ఠ పరిమితి ఉంది. ఫార్ములా వన్ కూడా 2021లో అలాంటి హద్దు పెట్టుకుంది. 2026 నుంచి ఆస్టన్ మార్టిన్‌కు ఇంజిన్లు ఇస్తామని 2023లో హోండా ప్రకటించడానికి, విద్యుత్ వాటా పెంచిన కొత్త నిబంధనలతో పాటు ఆ హద్దు కూడా ఒక ధైర్యం.

ఆ రోలండ్‌ను తెలుగువాళ్లు కళ్లారా చూశారు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ పక్కన జరిగిన భారతదేశపు మొదటి ఫార్ములా ఈ రేసులో అతడు మహీంద్రా కారు నడిపాడు. నిస్సాన్ కార్లూ అదే ట్రాక్‌పై తిరిగాయి. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఒప్పందం నాలుగు సీజన్లకు. మొదటి రేసు తర్వాత ప్రమోటర్ తప్పుకుంది, భారం ప్రభుత్వం వైపు జరిగింది, హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) నుంచి దాదాపు 55 కోట్ల రూపాయలు కట్టారు. 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారింది. 2024 ఫిబ్రవరి 10న జరగాల్సిన రెండో రేసు, జనవరి 5న రద్దయింది. ఆ చెల్లింపులపై 2024 డిసెంబర్‌లో అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) కేసు పెట్టింది. తప్పొప్పులు కోర్టులు తేల్చాల్సినవి. రేసు వరకు చూస్తే హైదరాబాద్‌లో జరిగింది హోండా కథే: ఒక్క సంచి మీద ఆధారపడ్డ ఆట, ఆ సంచి చేతులు మారగానే ఆగిపోయింది. జపాన్‌లో బోర్డు మారకముందే భయం చాలు, మన దగ్గర సర్కారు మారాలి. అంతే తేడా.

పోల్చి చూడటానికి ఎక్కువ దూరం పోనక్కర్లేదు. కోదాడకు దగ్గర్లో, సిమెంటు ఫ్యాక్టరీల మధ్య ఉన్న మేళ్లచెరువులో మహాశివరాత్రి జాతరకు ఎడ్ల పందేలు జరుగుతాయి. బండలాగుడు పోటీలకు రెండు రాష్ట్రాల నుంచీ ఒంగోలు గిత్తలు వస్తాయి. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్లు అంటూ విభాగాలు. మన వైపు ఇలాంటి పోటీల కరపత్రం చూసినవాళ్లకు దాని పద్ధతి తెలుసు. మొదటి బహుమతికి ఒకరు, రెండో బహుమతికి ఇంకొకరు, భోజనాలకు మరొకరు, ఇలా పేజీ నిండా దాతల పేర్లు. గిత్తల మేత, దాణా ఖర్చు జత యజమానిది. సాగర్ ఎడమ కాలువకు నీళ్లు రాని ఏడాది ఒక దాత వెనక్కి తగ్గితే ఆ బహుమతికి ఇంకో పేరు వెతుకుతారు, దొరక్కపోతే బహుమతి చిన్నదవుతుంది. పందెం మాత్రం ఒకరి సంతకంతో ఆగిపోదు. గొప్ప ఆర్థిక సూత్రమేమీ కాదిది, ఊళ్లో ఎవరికీ మరొకరి మీద పూర్తి నమ్మకం లేకపోవడం వల్ల ఏర్పడిన ఏర్పాటు కూడా కావచ్చు. అయినా పనిచేస్తుంది.

ఇండియన్ రేసింగ్ లీగ్‌లో హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ జట్టు ఇప్పటికీ ఉంది. 2024లో దాన్ని నటుడు నాగచైతన్య కొన్నాడు. సూర్యాపేట హైవే మీద బండి వేగం చూసి మురిసే కుర్రాళ్లకు ఆ వేగం చూపించాల్సింది ట్రాక్ మీదే. అంటే తెలంగాణలో మళ్లీ ఏదో ఒక రోజు రేసు మాట వస్తుంది. అప్పుడు ఏ ప్రభుత్వం ఉన్నా, ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు మూడు వివరాలు అసెంబ్లీ ముందు పెట్టాలి: మొత్తం ఖర్చులో టికెట్ల వాటా ఎంత, స్పాన్సర్లు ఎందరు, వాళ్లలో ఒకరు తప్పుకుంటే ఆ సొమ్ము ఎవరు కడతారు. మూడో ప్రశ్నకు జవాబు ఖజానా అయితే ఆ ఒప్పందం మీద సంతకం చేయొద్దు.